నిజాం బంగారం ఐదు టన్నులు కాదు, అది దానమూ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

సెప్టెంబరు 17 దగ్గర పడుతోందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపుల్లో ఏడో నిజాం బంగారం కథ మళ్లీ మొదలవుతుంది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అడగ్గానే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఐదు వేల కిలోల బంగారం దేశ రక్షణ నిధికి దానమిచ్చేశారట. ఇనప పెట్టెలు మాత్రం వెనక్కి పంపమన్నారట. మొన్న మా మనవరాలికి బడిలో వక్తృత్వ పోటీ కోసం రాసిచ్చిన కాగితంలోనూ ఇదే కనబడింది. ఆ పేరా కొట్టేయించి, జరిగిన సంగతి రాయించాను.

నేను బ్యాంకులో బంగారం అప్రైజర్‌గా పనిచేసి మానుకున్నవాణ్ని. గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, తూకం చూసి సంతకం పెట్టడమే నా పని. అందుకే నా కన్ను ముందు అంకె మీద పడుతుంది. ఐదు వేల కిలోలంటే ఐదు టన్నులు. పెట్టెకి వంద కిలోల చొప్పున సర్దినా యాభై పెట్టెలు కావాలి, ఒక్కో పెట్టె మోయడానికి నలుగురు మనుషులు కావాలి. అంత బంగారం ఖజానాకి చేరితే తూకం చీటీ, రసీదు, పద్దు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. దేశ రక్షణ నిధి వ్యవహారాలు చూసేది ప్రధాని కార్యాలయం. సమాచార హక్కు కింద అడిగితే, అలాంటి విరాళం గురించిన సమాచారం తమ దగ్గర లేదని జవాబొచ్చింది.

జరిగింది వేరు. 1965 అక్టోబరులో కేంద్రం రక్షణ అవసరాల కోసం బంగారు బాండ్లు తెచ్చింది. నిజాం వాటిలో 4.25 లక్షల గ్రాములు, అంటే 425 కిలోలు పెట్టారు. ఆ డిసెంబరులో హైదరాబాద్ వచ్చిన శాస్త్రి గారు బహిరంగ సభలో ఇందుకు నిజాంను అభినందించారు. డిసెంబరు 11 నాటి పేపర్లో ఆ వార్త వచ్చింది. ఆ బంగారం విలువ 50 లక్షలని చెప్పారు. అందులో పాత మొహరీలు ఉన్నాయనీ, వాటిని కరిగించకుండా విదేశాలకు పంపితే కోటి రూపాయలు రావచ్చనీ కూడా అన్నారు. ఇది చదివినప్పుడు నాకు శాస్త్రి గారి మీద గౌరవం రెట్టింపయింది. పాత నాణేన్ని మూసలో వేశామంటే మిగిలేది లోహం ధరే. ఆ సంగతి యుద్ధం ముగిసిన కొత్తలో, డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో ఒక ప్రధాని ఆలోచించారు. ఇంత మంచి విషయం ఉండగా ఇనప పెట్టెల కథ మనకెందుకు?

బాండు అన్నాక వడ్డీ వస్తుంది, గడువు తీరాక పెట్టింది తిరిగొస్తుంది. బ్యాంకులో ఎఫ్‌డీ వేసినవాణ్ని దాత అని ఎవరూ అనరు కదా. అయినా కష్టకాలంలో 425 కిలోలు బయటికి తీయడం చిన్న విషయమేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే నిజాంకు దక్కాల్సిన పేరు దక్కుతుంది. దాన్ని దాదాపు పన్నెండింతలు చేసి చెబితే, రేపు నిజం తెలిసిన పిల్లలు ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ సంగతులు కూడా నమ్మరు.

నేను నిజాం అభిమానిని కాను. రజాకార్ల రోజుల్లో మా తాతగారు ఊరొదిలి వెళ్లిపోయారు, ఆ బాధ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కానీ నిజాం అంటే పడనివాళ్లు పంపే కథలూ ఇలాగే ఉంటున్నాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చందా అడగబోయిన మదన్ మోహన్ మాలవ్యా మీదికి నిజాం చెప్పు విసిరాడనీ, మాలవ్యా ఆ చెప్పును వేలం వేశారనీ ఒకటి తిరుగుతోంది. పంపినవాళ్లందరినీ అడిగాను, ఆధారం చూపినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆ విశ్వవిద్యాలయానికి నిజాం విరాళం ఇచ్చిన మాట మాత్రం నిజం. పుణెలో మహాభారతం పాఠాన్ని పరిష్కరించిన భండార్కర్ సంస్థ ఆవరణలో ఆయన డబ్బుతో కట్టిన అతిథి గృహం ఈనాటికీ ఉంది. రజాకార్లను అదుపు చేయనందుకు ఆయన్ని తప్పు పట్టండి, నేనూ పడతాను. దానికి లేని చెప్పు అక్కర్లేదు.

మీకు నాదొక విన్నపం. మీ కార్యాలయంలో 1965 డిసెంబరు సంచికలు బైండు చేసి ఉంటే, శాస్త్రి గారి సభ వార్త వెతికించి, తేదీ కనబడేలా ఈ సెప్టెంబరు 17కి ముందే అచ్చు వేయండి. ఫోన్లో ఫొటో తీసి పంపుకోవడానికి వీలుగా కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత బంగారం అప్రైజర్,
హనుమకొండ