తలుపు ముందు నిలబడే మనిషి

రాష్ట్ర హోం, జైళ్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కడప జిల్లా జమ్మలమడుగు. పొలం గట్టు తగాదాలో ఒక ప్రాణం పోయింది. ఆ కేసులో మా అన్నకు యావజ్జీవం పడింది. చేసింది తప్పే, శిక్షతో నాకు పేచీ లేదు. 17 ఏళ్లకు సత్ప్రవర్తన కింద విడుదలై వచ్చిన మనిషి గురించే ఈ ఉత్తరం. వదిన ఆయన లోపల ఉండగానే పోయింది. అందుకని మా ఇంట్లోనే ఉంటున్నాడు.

బయటికి వెళ్లాలంటే, దగ్గరగా వేసిన తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. గడియ ఉండదు, తోస్తే తెరుచుకుంటుంది. అయినా ఎవరో ఒకరు తీయాలి. సాయంత్రం ఐదింటికే కంచం ముందు కూర్చుంటాడు. రాత్రి లైటు ఆర్పితే లేచి కూర్చుంటాడు. సంగటి ఇంకో ముద్ద వేయనా అంటే ఏం చెప్పాలో తోచక నా ముఖం చూస్తాడు. అన్నేళ్లలో ఆయన ఇష్టం ఎవరడిగారు? ఊళ్లో వాళ్లు దీన్ని పశ్చాత్తాపం అనుకుంటున్నారు. ఆస్పత్రికి తీసుకెళ్తే నిద్రమాత్రలు రాశారు.

మధ్యలో ఏదో గొడవ జరిగిందని ఒంటరి గదిలో పెట్టారట. "గోడ మీద బల్లి ఉండేది, దానితో మాట్లాడేవాణ్ణి. ఒకరోజు కనబడలేదు." అంతవరకే చెబుతాడు. ఎన్ని రోజులున్నాడో ఆయనకే తెలియదు.

చట్టానికి మాత్రం రోజుల లెక్క ఉంది. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏకాంత ఖైదు కోర్టు విధించాలి. ఒక విడత 14 రోజులు, మొత్తం మూడు నెలలు దాటకూడదు. మరణశిక్ష పడిన ఖైదీని సైతం జైలు అధికారులు తమంతట తాము ఏకాంతంలో ఉంచరాదని 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వరసగా 15 రోజులు మించరాదని, ఖైదీలతో ఎలా మెలగాలో చెప్పే ఐక్యరాజ్య సమితి మండేలా నియమాలు అంటున్నాయి. 'భద్రత కోసం వేరుగా ఉంచాం' అని పేరు మారిస్తే లోపలున్న మనిషికి ఒరిగేదేమీ లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ జైలు డాక్టరు మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలి. లేరని రాయడం సులభం. ఎవరితో ఎంతసేపు మాట్లాడి అలా రాశారో కూడా అందులో రాయించండి. ఒంటరి గదిలో పెట్టిన ప్రతి రోజూ తేదీతో సహా నమోదు కావాలి.

ఇంకొకటి. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఓపెన్ ఎయిర్ జైలు ఉంది. ఖైదీలు ఆరుబయట సేద్యం చేస్తారు. దీర్ఘకాలం శిక్ష అనుభవించిన వారి చివరి ఏడాది అలాంటి చోట గడిస్తే, తలుపు తీయడం ఇంటికి రాకముందే అలవాటవుతుంది కదా.

నా పేరు, చిరునామా విడిగా జత చేశాను. జవాబు రాస్తే నా పేరునే రాయండి. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు అన్న చేతికి వస్తే ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు.

ఇట్లు,
ఒక ఖైదీ చెల్లెలు
జమ్మలమడుగు