మా హాస్టలు పోస్టాఫీసు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కిందటి మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికి విశాఖపట్నం వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మాటల మధ్యలో తాను ఆంధ్రా యూనివర్సిటీ పూర్వ విద్యార్థినని చెప్పాడు. నాదీ అక్కడి డిగ్రీయేనండీ అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "ఏ బ్యాచ్? ఏ హాస్టల్?" అన్నాడు. కరస్పాండెన్సులో బీఏ అని చెప్పాను. "ఓహో, అలాగా" అని, గోంగూర బాగుందంటూ అటు తిరిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తర్వాత నాకు కిళ్లీ కూడా తెచ్చిచ్చాడు. కానీ ఆ "ఓహో" మాత్రం పార్వతీపురం దాకా నాతోపాటే బస్సులో వచ్చింది. ఈ ఉత్తరం దాని చలవే.

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026 ఏప్రిల్ 26తో నూరేళ్లు. ఇలాంటి సందర్భంలో ఎవరి పేర్లు వినబడతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. వైస్ చాన్సలర్లుగా చేసిన కట్టమంచి రామలింగారెడ్డి గారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, ఇక్కడ చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు, ఉపరాష్ట్రపతిగా చేసిన వెంకయ్యనాయుడు గారు, మా రాజాం నుంచి వెళ్లి విమానాశ్రయాలు కట్టిన జీఎంఆర్ గారు. తప్పేం లేదు, చెప్పుకోవాల్సిన పేర్లే. 2023లో యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు ఏ ప్లస్ ప్లస్ ఇచ్చి, నాలుగుకు 3.74 వేశారని చదివి నేనూ మా వీధిలో నలుగురికి చెప్పాను. ఇంట్లో పిల్లాడికి ర్యాంకు వచ్చినట్టే అనిపించింది.

నేను అడిగేది ఒక్కటే. పూర్వ విద్యార్థి అంటే ఎవరు? విశాఖలో వాల్తేరు కొండమీద హాస్టల్లో ఉండి, సాయంత్రాలు బీచ్ రోడ్డులో తిరిగినవాడేనా? పోస్టులో వచ్చిన పాఠాలు లాంతరు వెలుగులో చదివి, పరీక్షలకి మాత్రం బస్సెక్కినవాడు కూడానా?

యూనివర్సిటీలో కరస్పాండెన్సు కోర్సులు 1972లో మొదలయ్యాయి. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. 1979లో సెకండరీ గ్రేడ్ టీచరుగా కురుపాం అవతల ఏజెన్సీ ఊళ్లో పోస్టింగు. ఇంటరు, టీచర్ ట్రైనింగు, అంతే నా చదువు. డిగ్రీ లేకపోతే ప్రమోషన్ లేదు. ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్దామంటే ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు, మంచం పట్టిన నాన్న. అందుకని 1981లో కరస్పాండెన్సుకి కట్టాను.

ఆ ఊరికి పోస్టుమాన్ వారానికి రెండుసార్లు, సైకిల్ తొక్కినంత మేర తొక్కి, మిగతా నడిచి వచ్చేవాడు. పుస్తకాల కట్ట తెచ్చిన రోజు దూరం నుంచే అరిచేవాడు: "ఏటి మాస్టారూ, మళ్లీ పరీచ్చా?" ఖాకీ కాగితం, పురికొస, మూల మీద యూనివర్సిటీ స్టాంపు. వానాకాలంలో కట్ట తడిసి వచ్చేది. పేజీలు విడదీసి బడి గదిలో పిల్లల పలకల మధ్య ఆరబెట్టేవాణ్ణి. ఎకనామిక్స్ పాఠం ఆరుతుంటే రెండో తరగతి గుంటడొకడు గిరాకీ, సరఫరా గీతల మీద చిలకబొమ్మ గీశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. చిలక బాగానే గీశాడు.

పాఠం చివర ప్రశ్నలుండేవి. జవాబులు రాసి పంపితే దిద్ది వెనక్కి పంపేవారు. శాతవాహనుల పాలన గురించి నేను రాసిన నాలుగు పేజీల మీద ఎర్ర ఇంకుతో ఒక మాట వచ్చింది: "అభిప్రాయం బాగుంది. దస్తూరీ కాస్త చూసుకోండి." పిల్లలకి చేతిరాత నేర్పే ఉద్యోగం నాది! సిగ్గుతో ఆ కాగితం నెల రోజులు ఎవరికీ చూపించలేదు. ఆ దిద్దిన మాస్టారెవరో నాకు తెలీదు, నా ముఖం ఆయనా చూడలేదు. కానీ నా జీవితంలో నా రాత పట్టించుకున్న మొదటి యూనివర్సిటీ మనిషి ఆయనే.

వేసవి సెలవుల్లో కాంటాక్టు క్లాసులకి రాయగడ ప్యాసింజరెక్కి విశాఖ వచ్చేవాణ్ణి. జ్ఞానాపురంలో దూరపు బంధువుల అరుగు మీద పడక. ఆ క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్లెవరనుకున్నారు? ఒకాయన ఆర్టీసీ కండక్టరు, ఒకాయన హెడ్ కానిస్టేబులు. చంటిబిడ్డని తల్లి దగ్గర వదిలి వచ్చిన అంగన్‌వాడీ అమ్మాయి ఒకావిడ. పోర్టులో కలాసీగా చేస్తూ ఇంగ్లీషు నోట్సు మా అందరికంటే ముందు రాసేసే కుర్రాడొకడు. మధ్యాహ్నం చెట్టు కింద అందరం డబ్బాలు విప్పేవాళ్లం. పులిహోర, చింతకాయ పచ్చడి, ఎండు చేపలు అన్నీ చేతులు మారేవి. క్యాంపస్ జీవితమంటే మాకు ఆ పన్నెండు రోజులే. ఆ కండక్టరు గారు తర్వాత లెక్చరర్ అయ్యారు. మిగతావాళ్లు ఏమయ్యారో తెలుసుకునే దారి నాకు లేదు.

ఏ హాస్టల్ అని ఆ పెద్దమనిషి అడిగాడు కదా. దాని గురించి ఒక కథ ఉంది మంత్రిగారూ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి వచ్చాక చదువు మళ్లీ మొదలుపెట్టారు. మెట్రిక్ బెనారస్ నుంచి ప్రైవేటుగా పాసయ్యారు, అంటే ఒక రకంగా మా జాతే. ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ చదువుతానని వస్తే ఆడవాళ్లకి హాస్టలు లేదన్నారు. సరే అని వెళ్లిపోలేదు ఆవిడ. చదువుకోవాలనుకునే అమ్మాయిలు ఉంటే రాయండని పేపర్లో ప్రకటన వేయించి, వచ్చినవాళ్లని పోగుచేసి, హాస్టలు పెట్టించి మరీ చదివారు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో కూర్చున్నారు. ఆవిణ్ణి ఏ హాస్టలని అడిగితే ఏం చెప్పేవారో!

సి.ఆర్.రావు గారి సంగతి ఇంకా చిత్రం. ఆంధ్రాలో గణితం ఎంఏ ఫస్టు క్లాసులో పాసై, అక్కడే రీసెర్చి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడితే ఆలస్యంగా అందిందని తోసిపుచ్చారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో అక్కడి నుంచి వచ్చిన ఒక్క వ్యాసంతో ప్రపంచ గణాంక శాస్త్రం పుస్తకాల్లో ఆయన పేరు నిలిచిపోయింది. 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. ఇప్పుడు ఆయన మావాడని గర్వంగా చెప్పుకుంటున్నాం, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా ఆ లేటు అప్లికేషనే గుర్తొస్తుంది. మేమంతా ఏదో ఒక రకంగా లేటైనవాళ్లమే. కాకపోతే మాకు ఇంకో కలకత్తా లేదు, పోస్టాఫీసు ఒక్కటే ఉంది.

నిజానికి ఈ యూనివర్సిటీ మొదటి నుంచీ ఒక చోట కుదురుగా కూర్చున్నది కాదు. బెజవాడలో పుట్టింది. 1930లో వాల్తేరు చేరింది. యుద్ధం రోజుల్లో విశాఖ మీద బాంబులు పడితే గుంటూరు తరలిపోయి, యుద్ధమయ్యాక తిరిగొచ్చింది. జమీందారుల ఇళ్లలో పెరిగిన పిల్లలా అనుకోండి, నాలుగు ఊళ్ల నీళ్లు తాగింది. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్ష! సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మా పార్వతీపురం నుంచి కొండలెక్కితే ఆయన జమీయే. ఆ శిస్తులో మా కొండ జనం కష్టమూ ఉంది కాబట్టి, మా వాళ్లలో బడి ముఖం చూడనివాడు కూడా ఈ యూనివర్సిటీకి చందాదారే అంటాను నేను. ఇది కొంచెం అతిగా అనిపిస్తే క్షమించండి, రిటైరైన మాస్టారికి నోరు కాస్త ఎక్కువ.

గుంటూరులో 1967లో పెట్టిన పీజీ సెంటరు 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. రాజమండ్రిలో ఆదికవి నన్నయ, ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ ఈ తల్లి పిల్లలే. అంటే కోస్తాలో అరవై దాటిన డిగ్రీవాళ్లని నిలబెట్టి అడిగితే, చాలామంది సర్టిఫికెట్ మీద ఆంధ్రా యూనివర్సిటీ ముద్రే కనబడుతుంది, కాలేజీ ఏదైనా సరే. వాళ్లలో వాల్తేరు ఎప్పుడూ చూడనివాళ్లు కొల్లలు.

అందుకని నా విన్నపం. ప్రైవేటుగా, కరస్పాండెన్సులో, అనుబంధ కాలేజీల్లో డిగ్రీ తీసుకున్నవాళ్లు ఏ సంవత్సరం ఎంతమందో యూనివర్సిటీ రిజిస్టర్లలో ఉంటుంది. ఆ లెక్క ఏడాదివారీగా, జిల్లావారీగా బయటపెట్టించండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. అది చూస్తే మా ఉత్తరాంధ్ర జిల్లాల్లో బడిపంతుళ్లు, గుమాస్తాలు, నర్సులు ఎక్కడి నుంచి వచ్చారో మీకే తెలుస్తుంది.

రెండోది కొంచెం పెద్ద పని. శతాబ్ది పేరుతో జిల్లాకో రోజు పెట్టండి. విశాఖలో కాదు, మా ఊళ్లలో. విజయనగరంలో, పాడేరులో, పాలకొండలో. పాత సర్టిఫికెట్ పట్టుకుని ఎవరొస్తే వాళ్లని కూర్చోబెట్టి, ఎలా చదివావు, ఎవరు ఫీజు కట్టారు, లాంతరులో నూనె ఎవరు పోశారు అని అడిగి, సెల్‌ఫోనులోనైనా సరే రికార్డు చేయించండి. తెలుగు, జర్నలిజం పిల్లలకి ప్రాజెక్టు పని కింద ఇస్తే ఖర్చు కూడా లేదు, టీ, బిస్కట్లు తప్ప. ఆంధ్రాలో చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గరకి మనుషుల్ని పంపి నాగలి భాగాల పేర్లు, పశువుల పేర్లు ఊరూరా రాయించారు. 1962లో అచ్చయిన ఆ వ్యవసాయ పదకోశం ఇప్పుడు చూస్తే అందులో సగం మాటలు మా మనవలకి తెలియవు. అడగబట్టి మిగిలాయి. మా తరం కూడా అంతే, నా క్లాసులోవాళ్లలో ముగ్గురు పోయారని నిరుడే తెలిసింది.

మూడోది పాఠాల పుస్తకాలు. తెలుగు మీడియం పిల్లల కోసం పెద్ద పెద్ద ప్రొఫెసర్లు రాజనీతి, చరిత్ర, అర్థశాస్త్రం నోరు తిరిగే తెలుగులో రాసిన పుస్తకాలవి. గురువు పక్కన లేని శిష్యుడికి అర్థమవ్వాలని రాసినవి కాబట్టి ఆ వాక్యాల్లో ఒక ఓపిక ఉంటుంది. నేను ఆ వాక్యాల్లోంచే పాఠం చెప్పడం నేర్చుకున్నాను. అవి పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వెళ్లిపోకముందే పోగుచేసి స్కాన్ చేయించండి.

లెక్చరర్ పోస్టుల ఖాళీల సంగతి ఇందులో రాయడం లేదు. అది మీకు తెలియనిది కాదు, దానికి వేరే ఉత్తరం రాస్తాను, కాస్త కోపంగా రాస్తాను కూడా.

నా దగ్గర 1981 నుంచి 1984 దాకా వచ్చిన కట్టలన్నీ ఉన్నాయి. చెదలు పట్టకుండా వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టాను. ఎర్ర ఇంకు కాగితం కూడా అందులోనే ఉంది. యూనివర్సిటీకి ఇమ్మంటే ఇచ్చేస్తాను, రసీదు కూడా అడగను. చిలకబొమ్మ ఉన్న పుస్తకం మాత్రం ఇవ్వను, స్కాన్ చేసుకుని వెనక్కివ్వాలి. మనిషిని పంపేటప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వద్దని చెప్పండి, ఆ టైములో పడుకుంటాను.

ఇట్లు,
ఆంధ్ర విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థి,
రిటైర్డ్ స్కూల్ అసిస్టెంటు,
పార్వతీపురం