పటంతో పాటు కథకూ చోటివ్వండి

హస్తకళల అధికారి గారికి నమస్కారం.

చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు గీసే నకాషీల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి ఆరబెడితే వచ్చే ఆ వాసనే నా చిన్నతనం. తాత ఎర్రరంగు నింపుతూ చాకళ్ళ కులకథ మడేలు పురాణం చెప్పేవాడు. బొమ్మకు కళ్ళు మాత్రం చివర్లోనే దిద్దేవాడు. నేను ఇవాళ ఏది గీసినా అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇప్పుడొచ్చే ఆర్డర్లన్నీ కీచైన్లు, జానెడు ఫ్రేములు. అవే అన్నం పెడుతున్నాయి, కాదనను. కానీ పొడుగాటి పటం విప్పితే పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్పాలి, గొల్లల పటమైతే కాటమరాజు కథ నడవాలి. మేళాలో మాకు టేబులు ఇస్తున్నారు, సంతోషం. పక్కనే ఆ కథకులకూ ఓ గంట టైము, ఓ మైకు ఇవ్వండి. పటం కట్టడానికి గుంజలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఓ నకాషీ చిత్రకారుడు