కల్లుగీత సహకార సంఘం వార్షిక నివేదిక, 2024-25

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కులపెద్దలకు, గీత కార్మిక సోదరులకు, వారి కుటుంబాల ఆడబిడ్డలకు నమస్కారాలు. సంఘం నియమావళి ప్రకారం ఏడాది పనిని మీ ముందు ఉంచవలసిన బాధ్యత కార్యదర్శిగా నాది. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే గనుక వాటిని తిరిగి చెప్పకుండా నేరుగా విషయానికి వస్తున్నాను.

ఈ సంవత్సరం ముందుగా చేపట్టిన పని మనం కల్లు అమ్ముకునే మండువ మరమ్మతు. వానకు కురుస్తున్న పాత రేకులు తీసివేసి కొత్తవి వేయించాము. వేపచెట్టు చుట్టూ అరుగు కట్టించాము. కత్తులు నూరుకునే బద్దలను ఒకచోట చేర్చి పెట్టించాము. అరుగు చాలా రోజులుగా అందరూ అడుగుతున్నదే. మన మండువ కల్లు అమ్మే చోటు మాత్రమే కాదని మీకు తెలుసు. పొలం పాళ్ల లెక్కలు, అన్నదమ్ముల పంపకాలు, పెండ్లి మాటలు ఇక్కడే తెగుతాయి. సాయంత్రం చెట్ల మీదినుంచి కల్లు కుండలు, అంటే లొట్లు, దిగే వేళకు ఉడికించిన గుడాల గంప పెట్టుకొని కూర్చునే అవ్వ దగ్గర, కల్లు తాగే తాటి రేక పట్టుకొని అన్ని కులాల వాళ్లూ ఒకే వరుసలో కూర్చుంటారు. బోనాల నాడు ఎల్లమ్మ తల్లికి సాకగా, అంటే నైవేద్యంగా, పోసే కల్లు ఇక్కడినుంచే పోతుంది. ఊళ్లో ఎవరు కాలం చేసినా దినాలనాటి కల్లు కూడా ఇక్కడిదే.

ఈ మండువ మన చేతికి ఊరికే రాలేదు. నైజాం కాలంలో ఆబ్కారీ గుత్తేదార్ల చేతిలో ఉన్నప్పుడు చెట్టు ఎక్కినవాడికి కష్టం మిగిలేది, లాభం ఇంకొకరికి పోయేది. దొరల గడీలకు వెట్టి కింద ఉచితంగా కల్లు పోయవలసి వచ్చేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో గీత కార్మికులు కలిసి వచ్చింది ఆ వెట్టిని వదిలించుకోవడానికే. ఆ తరువాత గీత కార్మికులను సంఘటితం చేసి, 1991లోనూ 1996లోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైన బొమ్మగాని ధర్మభిక్షం గారి వంటి నాయకుల కృషి వల్ల చెట్టు గీసేవాడే సహకార సంఘంగా ఏర్పడి అమ్ముకునే పద్ధతి నిలదొక్కుకున్నది. మన పెద్దలు గుత్తేదారును కాదని సొంతంగా మండువ పెట్టుకున్న రోజుల సంగతులను ఈ ఏడాది ముగ్గురు వృద్ధుల నోట విని పుస్తకంలో రాయించాము. ఆ ముగ్గురికీ, ఓపికగా కూర్చుని రాసిన డిగ్రీ చదువుతున్న మన ఆడబిడ్డకూ సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

ఈ సంవత్సరం గర్వంగా చెప్పుకోవలసిన రోజు ఆగస్టు 18. ఖిలాషాపూర్ కేంద్రంగా మొగలు అధికారాన్ని ఎదిరించి 1708లో ఓరుగల్లు మీద దాడి చేసిన సర్వాయి పాపన్న జయంతి నాడు, చెట్టు మీదినుంచి పడి ప్రాణాలు కోల్పోయిన మన ఊరి గీత కార్మికుల పేర్లు చెక్కించిన రాయిని మండువలో నిలబెట్టాము. పాతకాలపు వారిలో ఒకరికి ఇంటిపేరు తప్ప పేరు దొరకలేదు. ఆ ఇంటిపేరునే చెక్కించాము. వారి మనుమడు, తనకే అరవై దాటినవాడు, చెప్పులు విడిచి వచ్చి ఆ అక్షరాల మీద పసుపు రాసి, కొంచెం కల్లు సాక పోసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లం ఒక్క మాట మాట్లాడలేకపోయాము.

అదే రోజు చెట్టు ఎక్కేవాడు జారినా కింద పడకుండా ఆపే కిట్టు, కాటమయ్య రక్షణ కవచం వాడకాన్ని చూపించే కార్యక్రమం జరిగింది. 2024 జూలై 14న లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి ప్రారంభించిన ఈ పథకం కింద మన సభ్యులలో కొందరికి కిట్లు అందాయి. నలభై ఏండ్లుగా చెట్టు ఎక్కే పాత తాళ్లు మోకు, ముత్తాదు తప్ప మరొకటి ఎరుగని మన పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. తరువాత నడుముకూ తొడలకూ పట్టీలు బిగించుకొని, కొక్కెం తగిలించుకొని తాటిచెట్టు సగం వరకు ఎక్కి, శిక్షకుడు చెప్పగానే రెండు చేతులూ వదిలేశాడు. కిట్టు తాడు పట్టి ఆపింది. కింద ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ రోజు అంతమంది చూసి కూడా కిట్లను ఇంటి దూలానికి వేలాడదీసి పాత మోకుతోనే ఎక్కుతున్న సభ్యులు చాలామంది ఉన్నారు. ఎక్కేటప్పుడు ఆలస్యమవుతుందని చెబుతున్నారు. రాయి మీద ఇంకా ఖాళీ జాగా ఉన్నదని, దాన్ని నింపే పని మనకు వద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు వల్ల పలువురు చనిపోయిన తరువాత మన మండువకూ గిరాకీ పడిపోయింది. చెట్టు కల్లు తప్ప మరేదీ పోయరాదని, మత్తుమందు గాని, చక్కెరనీళ్లు గాని కలిపినట్లు తేలితే సభ్యత్వం తీసివేయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇదే ఊళ్లో కిరాణా కొట్ల వెనుక నడుస్తున్న బెల్టు షాపుల గురించి ఎన్నిసార్లు విన్నవించినా సంబంధిత అధికారులు వచ్చి చూడకపోవడం బాధాకరం.

చెట్ల సంగతి ఇంకా బాధాకరం. తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేండ్లకు పైగా పడుతుంది. ప్లాట్లు చేసేవాళ్లకు దాన్ని కూల్చడానికి ఒక పూట చాలు. చెట్ల పెంపకానికి సంఘాలకు ఐదెకరాల భూమి ఇవ్వాలన్న 560 జీవో ప్రకారం పెట్టుకున్న దరఖాస్తుకు ఈ ఏడాది కూడా జవాబు రాలేదు. చెట్టు మీదినుంచి పడి నడుము విరిగిన మన సభ్యుడికి రావలసిన 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఫైలు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉన్నది. ఆయన కొడుకు కూలి మానుకొని దాని వెంట తిరుగుతున్నాడు.

చెరువు కట్ట మీద ఈత మొలకలు నాటే రోజున ఇంటికొకరు రావాలని డప్పు కొట్టించాము. వచ్చింది తొమ్మిదిమందిమి. వారిలో నలుగురు మహిళలు, వారు గీత గీయరు. మొలకలలో సగం మేకల పాలయ్యాయి. మిగిలిన వాటికి ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసిన ఆ నలుగురికీ ఈ సభ లేచి నిలబడి కృతజ్ఞతలు చెప్పాలని కోరుతున్నాను.

జమా ఖర్చుల పట్టిక ఆడిట్ పూర్తయి మండువ గోడకు అంటించి ఉన్నది. రేకులకు, రాయికి చందాలు ఇచ్చిన దుబాయి, బొంబాయిలలోని మన పిల్లల పేర్లు దాని కింద ఉన్నాయి. బాకీ ఉన్న సభ్యులు దసరా లోగా చెల్లించగలరు.

అరుగు కట్టిన మేస్త్రీకి కూలిలో సగమే తీసుకున్నందుకు, శిక్షణ ఇచ్చిన యువకులకు, పాపన్న జయంతినాడు వంట చేసిన మహిళా సంఘానికి, స్థలం ఇచ్చిన ఎల్లమ్మ గుడి కమిటీకి పేరుపేరునా ధన్యవాదాలు.

ఈత గీత మొదలుకాకముందే చెట్ల పంపకం చీటీలు వేస్తాము. నడుము విరిగిన సభ్యుడి వంతు చెట్లను ఈ ఏడాది నలుగురు కలిసి గీసి, వచ్చిన డబ్బును ఆయన ఇంట్లో ఇవ్వాలని కార్యవర్గం అనుకుంటున్నది. ముందుకు వచ్చేవారు సభ ముగిసిన తరువాత నా దగ్గర పేరు రాయించగలరు. ఇప్పటికి ఇద్దరి పేర్లు ఉన్నాయి.