పురిటి సామాన్ల చీటీలో పాలడబ్బా ఎందుకుండాలి?

సంపాదకులు గారికి నమస్కారాలు.

మా ఎదురింటి అమ్మాయికి తొమ్మిదో నెల. మొన్న ఆదివారం ఆసుపత్రి వాళ్లిచ్చిన చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, ఇందులో ఏవి ఇప్పుడే కొనాలి, ఏవి తర్వాత కొన్నా పరవాలేదు, కాస్త చూసి చెప్పండి" అంది. దూది, తువ్వాళ్లు, డైపర్లు, సబ్బు, బిడ్డకి టోపీ అంటూ ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చాను. 11వ వరుసలో పాలపొడి డబ్బా ఒకటి, కంపెనీ పేరుతో సహా. 12వ వరుసలో పాలసీసా. అక్కడ ఆగిపోయాను. ఏడు నెలల కిందట మా అమ్మాయికి వేరే ఆసుపత్రిలో ఇచ్చిన చీటీలోనూ ఇవే రెండు ఉన్నాయి. అప్పుడు నేను ఒక్క మాట అడగకుండా కొని బ్యాగులో పెట్టాను. ఆ డబ్బా వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో మన ఊళ్లో పురిటికి సిద్ధమవుతున్న మిగతా ఇళ్లవాళ్లకి తెలియాలనే ఈ లేఖ.

మా అమ్మాయికి సిజేరియన్ అయింది. అదేమీ వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ఆపరేషనైన తల్లికి పాలు బాగా పడటానికి ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువ పట్టవచ్చు. కానీ ముర్రుపాలు మొదటి నుంచీ ఉంటాయి. చిక్కగా, పసుపుపచ్చగా కొన్ని చుక్కలు వస్తాయి. పుట్టిన రోజు బిడ్డ పొట్ట కూడా అంత చిన్నదే, ఒక్కోసారికి చెంచాడు పడితే చాలు. ఈ సంగతి ఆ రోజు మాతో ఎవరూ అనలేదు. బిడ్డని బట్టలో చుట్టి తెచ్చిన ఆయా, "తల్లికి పాలు పడలేదు కదమ్మా, డబ్బా తెచ్చారా?" అని అడిగింది. తెచ్చామన్నాను. సీసాలో 30 మిల్లీలీటర్లు కలిపి నా చేతికిచ్చారు. మా మనవరాలు గటగటా తాగేసి నాలుగు గంటలు కదలకుండా పడుకుంది. బంగారు తల్లి, ఏడవనే లేదని అందరం మురిసిపోయాం. పుట్టగానే బిడ్డ బాగా మెలకువగా ఉండి తల్లి రొమ్ము వెతుక్కునే సమయం అదేనని, దాన్ని మేమే పోగొట్టామని తర్వాత తెలిసింది.

రెండో రాత్రి నుంచి కష్టం మొదలైంది. రొమ్ము దగ్గర పెడితే పాప రెండుసార్లు చప్పరించి, మొహం తిప్పేసుకుని ఎర్రగా కందిపోయేలా ఏడ్చేది. సీసా పీకలోంచి పాలు ధారగా వచ్చేదానికి అలవాటు పడింది మరి. రొమ్ము దగ్గర దవడ కదిపి కష్టపడాలి. మా వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని, "ఆకలికి అంతలా గుక్క పట్టి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోలేం వదినగారూ, ఒక్క చెంచా కలపండి" అంది. కలిపాను. ఆవిడ తప్పు లేదు, ఆ సమయంలో ఏ ఇంట్లోనైనా అదే చేస్తారు. మూడో రోజుకి మా అమ్మాయికి పాలు బాగా పడ్డాయి. తాగే బిడ్డ తాగక రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. ఒక పక్క కుట్ల నొప్పి, ఇంకో పక్క ఇది. "నా పాలు పాపకి నచ్చలేదమ్మా" అని అది కుమిలి కుమిలి ఏడుస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఇంటికి వచ్చాక పాలు పెరగాలని వియ్యపురాలు ఫిషింగ్ హార్బరుకి మనిషిని పంపి పాలసొర తెప్పించింది. వెల్లుల్లి, మెంతులు, అన్నీ పెట్టాం. ఆ తిండి బాలింతకి మంచిదే, నేనూ తిన్నదాన్నే. కానీ బిడ్డ నోరు పెట్టకుండా పాలు పెరగవు. బిడ్డ ఎంత తాగితే అన్ని పాలు ఊరతాయి. డబ్బాతో ఒక పూట కడుపు నింపితే ఆ పూట రొమ్ము ఖాళీ కాదు, మర్నాడు ఊరే పాలు ఆ మేరకు తగ్గుతాయి. "పాలు చాలట్లేదు" అన్న భయంతో డబ్బా తెరిస్తే, కొన్నాళ్లకి పాలు నిజంగానే చాలకుండా పోతాయి.

మమ్మల్ని గట్టెక్కించింది మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ సిస్టర్. ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. వచ్చీ రాగానే అందర్నీ గదిలోంచి పంపించేసి, నన్నొక్కదాన్నే ఉంచింది. మా అమ్మాయిని గోడకి ఆనుకుని కూర్చోమని, వీపు వెనక దిండు పెట్టి, పాప బట్టలు తీసి ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టింది. ముందు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టి, చేత్తో కొన్ని పాలు పిండి, గట్టిదనం తగ్గించింది. ఆ పాలు పారబోయలేదు. మా అమ్మ నాటి ఉగ్గుగిన్నె కడిగి మరిగించి తెమ్మని, దాని ముక్కుతో కొంచెం కొంచెంగా పట్టించింది. తర్వాత పాప నోరు బాగా తెరిచే దాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించింది. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. "ఇప్పుడు చప్పుడు విను తల్లీ" అంది. గుటక వినిపించింది. మా అమ్మాయి కళ్లెత్తి నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

ఒక్క రోజులో అయిపోలేదు. రాత్రీ పగలూ కలిపి పది, పన్నెండు సార్లు పట్టాలంది. డబ్బా పాలు పూటపూటకీ కొంచెం తగ్గిస్తూ వచ్చాం. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, తడిపిన బట్టల్ని బట్టి చూడమంది. అయిదు రోజులు దాటిన బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లు తడిపితే సరిపోతున్నట్టే. నేను క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటూ కూర్చునేదాన్ని. 11వ రోజున ఏడు గీతలు పడ్డాయి. ఆ రోజు నుంచి మళ్లీ డబ్బా తీయలేదు.

డబ్బా పాలు పట్టే తల్లుల్ని నేను ఒక్క మాట అనను. తల్లి లేని బిడ్డలున్నారు, దత్తత బిడ్డలున్నారు, కొన్ని జబ్బులకి వాడే మందుల వల్ల పాలు ఇవ్వకూడని తల్లులున్నారు. ఎంత ప్రయత్నించినా పాలు చాలనివాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు పిల్లల డాక్టరు చూసి రాస్తే ఆ డబ్బా మందు లాంటిదే, ప్రాణం నిలబెడుతుంది. నా బాధంతా బిడ్డ పుట్టకముందే, తల్లిని చూడకముందే, చీటీలో సబ్బూ టోపీలతో పాటు దాన్ని చేర్చడం గురించి.

దీనికి చట్టం ఉంది. శిశువుల పాలపొడులు, పాలసీసాలు, శిశు ఆహారాల మీద 1992లో పార్లమెంటు ఒక చట్టం చేసి, 2003లో సవరించి ఇంకా గట్టి చేసింది. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి గానీ, ఆహారానికి గానీ, సీసాలకి గానీ ప్రకటన ఇవ్వకూడదు. ఉచిత శాంపిళ్లు, కానుకలు పంచకూడదు. అమ్మకం పెంచుకోవడానికి గర్భిణులనూ బాలింతలనూ సంప్రదించకూడదు. ఆసుపత్రుల్లో వాటి పోస్టర్లు పెట్టకూడదు, సిబ్బందికి డబ్బులూ బహుమతులూ ఇవ్వకూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ, తల్లి బొమ్మ వేయకూడదు. మీ ఇంట్లో డబ్బా ఉంటే తిప్పి చూడండి, తల్లిపాలే బిడ్డకి శ్రేష్ఠమన్న మాట దాని మీదే అచ్చయి ఉంటుంది. ప్రకటనల మీదా శాంపిళ్ల మీదా ఉన్న నిషేధాన్ని మీరితే మూడేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా ఈ రోజుల్లో పది, పన్నెండు డబ్బాల ఖరీదు. దాన్ని పెంచాలని నా అభిప్రాయం. మా అమ్మాయి ఫోన్‌కి పాప పుట్టిన వారం నుంచీ మొదటి డబ్బా మీద తగ్గింపు అంటూ మెసేజీలు వచ్చాయి. ఆ నంబరు వాళ్లకి ఎక్కడ దొరికిందో మాకు తెలియదు. ఆసుపత్రి చీటీలో కంపెనీ పేరు అచ్చు వేయడం ఈ చట్టం కింద ఏమవుతుందో అధికారులు తేల్చి చెప్పాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 400 గ్రాముల డబ్బా నాలుగైదు వందలు. దానితో సుమారు మూడు లీటర్ల పాలు అవుతాయి. పూర్తిగా డబ్బా మీదే ఉన్న రెండు నెలల బిడ్డకి నాలుగు రోజులు వస్తే గొప్ప. నెలకి ఏడెనిమిది డబ్బాలు! మా ఇంట్లో పనిచేసే ఆమె కొండవాలు కాలనీలో ఉంటుంది. ఆమె కోడలికీ మొదటి రోజే డబ్బా అలవాటు చేశారు. నెల తిరిగేసరికి డబ్బులు చాలక, 30 మిల్లీలీటర్లకి వేయాల్సిన చెంచా పొడిని 60కి వేసి కలపడం మొదలుపెట్టారు. తెల్లగా కనిపిస్తే పాలేననుకున్నారు. వాళ్ల కుళాయికి నీళ్లొచ్చేది రోజుకి కాసేపే. ఆ నీళ్లతోనే వంట, ఆ నీళ్లతోనే సీసా కడగడం. ఎన్నిసార్లు విరేచనాలతో ఆసుపత్రికి పరుగెత్తారో. అంగన్‌వాడీలో తూకం వేస్తే బిడ్డ బరువు చాలా తక్కువగా ఉంది. మాకు దగ్గరుండి చూపించే సిస్టర్ దొరికింది, ఆ పిల్లకి దొరకలేదు.

అందుకే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికీ, ఆహార భద్రతా అధికారులకీ మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. మహారాణిపేట నుంచి గాజువాక దాకా కాన్పులు చేసే ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇస్తున్న ఈ చీటీలు ఒకసారి తెప్పించుకుని చూడండి. పాలడబ్బా, పాలసీసా ఉన్న వరుసలు తీసేయించండి. డబ్బా అవసరమైతే బిడ్డని చూశాక, కారణం రాసి డాక్టరు గారే ఇవ్వాలి. కాన్పు తర్వాత మొదటి మూడు రోజులు పాలు పట్టడం దగ్గరుండి చూపించే మనిషి ఒక్కరైనా ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. కేంద్రం 2016లో 'మా' పేరుతో తల్లిపాల కార్యక్రమం మొదలుపెట్టింది, ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బందికి శిక్షణ అందులో భాగమే. అదే శిక్షణ ప్రైవేటు ఆసుపత్రుల సిస్టర్లకీ, ముఖ్యంగా ఆయాలకీ ఇప్పించండి. పుట్టిన బిడ్డని ముందు మన చేతికి తెచ్చిచ్చేది వాళ్లే.

ఎదురింటి అమ్మాయి చీటీలో 11, 12 వరుసలు పెన్సిలుతో చుట్టి, వెనక మూడు ప్రశ్నలు రాసిచ్చాను. బిడ్డని మొదటి గంటలో నా దగ్గర పడుకోబెడతారా? పాలు పట్టడం ఎవరు చూపిస్తారు? డబ్బా పాలు ఇవ్వాల్సి వస్తే నాకు చెప్పే ఇస్తారా? బుధవారం చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడుగుతానంది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
సీతమ్మధార, విశాఖపట్నం