నీ అక్వేరియంలో మొక్కలు మళ్లీ నాటే ముందు

నల్లగొండ,
జనవరి మొదటి ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

మొన్న ఫోనులో నీ అక్వేరియం మొక్కలన్నీ కుళ్లిపోతున్నాయని, ఆకు పట్టుకుంటే జిగటగా చేతికే ఊడి వస్తోందని చెప్పి బాధపడ్డావు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఇంత సంగతి ఫోనులో చెప్పడం భావ్యం కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఇంట్లో వదిలి వెళ్లిన రెండడుగుల తొట్టిని బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి పూర్తిగా విప్పి, మొదటి నుంచి మళ్లీ నాటాను. మూడు నెలలు కావస్తోంది, వెనుక అద్దం కనపడనంతగా పెరిగింది. అందులో నేను చేసినదే నీకు రాస్తున్నాను.

మొక్క సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి చూడు. మర్రిగూడ వైపు పుట్టిన నాయనమ్మ మోకాళ్లు ఫ్లోరిన్ నీళ్లు తాగి ఎలా వంగిపోయాయో చూస్తూ పెరిగిన పిల్లవు, నీళ్లన్నీ ఒకటి కావని నీకు వేరే చెప్పనక్కరలేదు. మీ ఇంటి యజమాని పై ట్యాంకుకు ఎక్కిస్తున్నది బోరు నీళ్లా, భగీరథ నల్లా నీళ్లా అని మొదట అడుగు. ఆర్వో మిషన్లు బాగుచేసే కుర్రవాళ్ల దగ్గర పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. ఒకసారి ముంచి చూపించమంటే కాదనరు. మన ఇంట్లో బోరు నీళ్లకు 1,100 దాటింది, నల్లా నీళ్లకు 300 లోపే వచ్చింది. ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క, కాఠిన్యం, అంటే సున్నం పాలు, ఒక్కదానిదే కాదు. కాఠిన్యం తెలియాలంటే బకెట్టు అంచున, గీజరు కాయిల్ మీద తెల్లటి సున్నపు పొర కడుతోందేమో చూస్తే చాలు. నీ తొట్టి అద్దం మీద నీళ్లు దిగిన చోట తెల్లగీత పడుతోందని నువ్వే అన్నావు కాబట్టి, మీవి గట్టి నీళ్లేనని నా అనుమానం.

గట్టి నీళ్లు అంటే తొట్టి పెట్టడానికి పనికిరానివని కాదమ్మా. ఆ నీళ్లకు తగిన మొక్కలు వేరే ఉన్నాయి, అంతే. చలకలో జొన్న వేసినవాళ్లం, కాలువ కింద వరి వేసినవాళ్లం మనం; తొట్టికి మాత్రం దుకాణంలో కంటికి ఇంపుగా కనపడినదల్లా తెచ్చి నాటుతున్నాం. వాలిస్నేరియా అనే గడ్డిలాంటి మొక్క నీళ్లలో కరిగిన బొగ్గుపులుసు వాయువునే కాక, గట్టి నీళ్లలో పుష్కలంగా ఉండే బైకార్బొనేటు నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలదు. అందుకే మన వైపు నీళ్లలో అది ఏపుగా వస్తుంది. గప్పీలు, మోలీలు కూడా గట్టి నీళ్లకు అలవాటైన చేపలే. నియాన్ టెట్రాల మీద నీకు మనసున్నదని తెలుసు, అవి మెత్తటి నీళ్ల చేపలు, ఇప్పటికి వాటిని తలపెట్టకు.

ఇక నీ మొక్కలు ఎందుకు చనిపోయాయో, నువ్వు పంపిన ఫోటోలను పెద్దవి చేసి చూశాను. ఎడమ వైపు ఉన్న ఆకుపచ్చ కర్ర లక్కీ బాంబూ. దాని పక్కన గట్టి గడ్డి కుచ్చులాగా ఉన్నది మాండో గడ్డి. ఆ రెండూ నేల మొక్కలే. పూర్తిగా ముంచితే కొన్ని వారాలో నెలలో నిలిచి, ఆ తర్వాత లోపల నుంచి కుళ్లుతాయి. వాటిని నీళ్ల మొక్కలని చెప్పి అమ్మినవారిది తప్పు, నీది కాదు. నాకూ ఇక్కడ ఒక దుకాణంలో అదే గడ్డిని అంటగట్టారు. వాటిని తీసి కుండీలో పెట్టు, బతికినా బతుకుతాయి.

ముందున్న ముదురు ఆకుల మొక్క మాత్రం అనూబియాస్, మంచి మొక్క. దాన్ని నువ్వు గులకరాళ్లలోకి లోతుగా పూడ్చినట్టున్నావు. దానికి అల్లం కొమ్ములా అడ్డంగా సాగే లావుపాటి కాండం ఉంటుంది. వేళ్లు కిందికి, ఆకులు పైకి వచ్చేది ఆ కొమ్ము నుంచే. కొమ్మును పూడిస్తే కుళ్లుతుంది. జావా ఫెర్న్ సంగతీ అంతే. మెత్తబడిన భాగాన్ని బ్లేడుతో గట్టి భాగం వచ్చేదాకా కోసి పారేసి, మిగిలినదాన్ని ఒక రాయి మీద పెట్టి నూలు దారంతో చుట్టు. దారం చీకిపోయే నాటికి వేళ్లే రాయిని పట్టుకుంటాయి.

రాయి అన్నాను కాబట్టి ఒక మాట. నేను వాడపల్లి వెళ్లినప్పుడు కృష్ణ, మూసీ కలిసే చోటు నుంచి ముచ్చటపడి తెచ్చిన తెల్ల రాళ్లు నీకు గుర్తుండే ఉంటాయి. ఈసారి నాటే ముందు వాటి మీద నిమ్మకాయ పిండి చూశాను. రసం పడిన చోట సన్నటి బుడగలు లేచి, చెవి దగ్గర పెట్టుకుంటే చుయ్యిమని చప్పుడు వినిపించింది. అంటే అవి సున్నపురాళ్లు. ఇన్నేళ్లుగా తొట్టిలో కొద్దికొద్దిగా కరుగుతూ, అసలే గట్టివైన నీళ్లను ఇంకా గట్టిపరుస్తూ వచ్చాయన్నమాట. వాటిని తీసేసి, లతీఫ్ సాహెబ్ గుట్ట కింద దొరికిన నల్ల గ్రానైటు ముక్కలు పెట్టాను. ఫ్లోరిన్ మన నీళ్లలోకి గ్రానైటులోంచే కదా దిగుతుంది అని నీకు సందేహం రావచ్చు. అది భూమి లోతుల్లో నీళ్లు ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుని ఉంటే జరిగే పని, తొట్టిలో నాలుగు ముక్కలతో జరిగేది కాదు. నువ్వు ఏ రాయి వేసినా నిమ్మకాయో వెనిగరో పోసి చూసే వెయ్యి.

అడుగున వట్టి రంగురాళ్లు ఉంటే మొక్క వేరుకు తిండి దొరకదు. నేను మన చలక గట్టు మీద, వేపచెట్టు కింద, ఎరువూ మందూ ఎన్నడూ పడని చోట ఎర్రమట్టి తవ్వి తెచ్చాను. జల్లెడ పట్టి, బకెట్టులో నానబెట్టి, పైకి తేలిన చెత్తను పారబోస్తూ వారం రోజులు నీళ్లు మార్చాను. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చినదే, మొక్కకు అది కావాలి. నల్లరేగడి మాత్రం వద్దు, అందులో సున్నపు గులకలు ఉంటాయి, తడిస్తే ఉబ్బుతుంది కూడా. చెరువు పూడిక మట్టి పొలానికి బంగారమే గానీ, గాజుతొట్టిలో అందులోని కుళ్లు పదార్థం నీళ్లను పాడుచేస్తుంది. ఒక అంగుళం ఎర్రమట్టి పరిచి, దాని మీద బాగా కడిగిన ముతక ఇసుక అంగుళంన్నర కప్పాను. మట్టి ఎక్కడా బయటికి కనపడకూడదు. నీకు మట్టి దొరకకపోతే నేను మరోసారి పంపుతాను, ఇప్పుడు పార్సిల్ బరువవుతుందని పెట్టలేదు.

ఇప్పుడు రాయబోయేది నాకు చెప్పడానికి కష్టమైన సంగతి. నిరుడు వేసవిలో నీ చేపలు పోయాయని చెప్పానే గానీ ఎందుకు పోయాయో చెప్పలేదు. తొట్టి మురికిగా ఉందని ఒకే రోజు రాళ్లన్నీ తీసి నల్లా కింద కడిగాను, ఫిల్టరు స్పాంజిని సబ్బు లేకుండానే అయినా తెల్లబడేదాకా పిండాను, నీళ్లు మొత్తం మార్చాను. అద్దంలా మెరిసింది. నాలుగో రోజుకు చేపలు పైకి వచ్చి నోరు తెరుచుకుని ఊపిరికి అల్లాడాయి, వారంలోగా పదకొండులో తొమ్మిది పోయాయి. రాళ్లకు, స్పాంజికి పట్టి ఉండే ఆ గోధుమరంగు జిగటలోనే చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఉంటాయని, నల్లా నీళ్లలోని క్లోరిను వాటిని చంపుతుందని నాకు అప్పుడు తెలియదు. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకు విషం. నైట్రేటు చాలావరకు నిరపాయం, పైగా మొక్కకు ఎరువు. కాబట్టి నువ్వు ఎన్ని మొక్కలు పీకినా, ఎంత మట్టి మార్చినా, ఆ స్పాంజిని మాత్రం నల్లా కిందికి తీసుకుపోకు. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలో రెండుసార్లు మెల్లగా నొక్కి, వెంటనే గాలి పంపుకు తగిలించు.

పని జరిగేటప్పుడు చేపలను పాత నీళ్లతోనే ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, ఆ స్పాంజి ఫిల్టరును అందులోనే నడిపించు. అమ్మ ప్రేమకొద్దీ ఇత్తడి గంగాళం తెచ్చి ఇచ్చింది, నేను వద్దన్నాను. ఇత్తడిలో రాగి ఉంటుంది, అది నీళ్లలోకి దిగితే చేపకు ప్రమాదం. కొత్త మట్టి మొదట్లో అమ్మోనియా వదులుతుంది కాబట్టి నేను మూడు వారాలు చేపలను టబ్బులోనే ఉంచి, రోజు విడిచి రోజు తొట్టి నీళ్లు పావు వంతు, టబ్బు నీళ్లూ కొంత మార్చాను. నల్లా నీళ్లయితే ముందురోజే బకెట్టులో మూత లేకుండా పెట్టు, క్లోరిను పోతుంది. తొందరైతే చేపల దుకాణంలో అమ్మే క్లోరిన్ తీసే మందు కొన్ని చుక్కలు చాలు.

ఇక నాటు. పార్సిల్లో తడి వార్తాపత్రికలో చుట్టి ముప్పై వాలిస్నేరియా మొక్కలు, ఆరు క్రిప్టోకోరైన్లు, కాస్త పైన తేలే హార్న్‌వర్ట్ పంపుతున్నాను. పటిక నీళ్లలో రెండు గంటలు ఉంచి, మంచినీళ్లలో కడిగే కట్టాను, అయినా నత్త గుడ్లు కొన్ని మిగిలి ఉండవచ్చు. నువ్వు బ్లీచింగ్ నీళ్లలో ముంచకు, వాలిస్నేరియా ఓర్చుకోలేదు. తొట్టిలో ఇసుక పైన నాలుగు వేళ్ల నీళ్లు మాత్రమే ఉంచి, మొక్కల వేళ్లను రెండు అంగుళాలకు కత్తిరించి, పట్టకారుతో ఒక్కొక్కదాన్ని వెనుక వరుసల్లో రెండు అంగుళాల ఎడంతో దింపు. వరి నారు నాటినట్టే: కొంచెం లోతుగా దింపి, మళ్లీ పైకి లాగి, మొవ్వు ఇసుక పైన ఉండేటట్టు చూసుకో. మొవ్వు మునిగితే మొక్క కుళ్లిపోతుంది. క్రిప్టోకోరైన్లు మధ్యలో పెట్టు. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి దాని మీద సన్నగా పోస్తే మట్టి కలగదు.

క్రిప్టోకోరైన్ ఆకులు వారంలో కరిగినట్టు అయిపోతాయి. భయపడి పీకకు. చోటు మారినప్పుడు అది పాత ఆకులు వదిలేయడం మామూలే. వేరు బతికి ఉంటుంది, మూడు నాలుగు వారాలకు కొత్త ఆకు విడుస్తుంది. నేను మొదటిసారి తొందరపడి రెండు పీకి పారేశాను, మిగతా నాలుగూ ఇప్పుడు పిడికెడంత కుచ్చులయ్యాయి.

నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ లైటు వేసి ఉంచుతానన్నావు. నీ డ్యూటీలు మారినప్పుడల్లా దాని పగలూ మారిపోతోంది, కిటికీ ఎండ కూడా తోడవుతోంది, అద్దానికి పాచి పట్టడానికి ఇదే కారణం. తొట్టిని కిటికీ నుంచి జరుపు. ప్లగ్గుకు పెట్టే టైమరు కొని రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, మొక్కలు కుదురుకున్నాక ఎనిమిది చెయ్యి. హార్న్‌వర్ట్‌ను నాటనక్కరలేదు, పైన తేలనివ్వు. మొదటి వారాల్లో పాచికి అందే తిండిని అదే లాగేసుకుంటుంది.

మరొకటి, ఆవిరైపోయేది నీళ్లు మాత్రమే, సున్నం తొట్టిలోనే మిగిలిపోతుంది. తగ్గిన మేరకు బోరు నీళ్లే పోస్తూ పోతే వారం వారం గట్టిదనం పెరుగుతుంది. అందుకే తగ్గినదాన్ని ఆర్వో నీళ్లతో నింపు, వారానికోసారి మార్చే పావు వంతుకు మాత్రం మామూలు నీళ్లు వాడు. ఏప్రిల్ వచ్చాక మూత తీసేసి నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్లు కూడా అంతే త్వరగా తగ్గుతాయి, చూసుకుంటూ ఉండు.

నిన్న మధ్యాహ్నం తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక వాలిస్నేరియా మొదలు నుంచి దారమంత తెల్లటి తీగ బయలుదేరి ఇసుక మీదుగా అద్దం దాకా వచ్చి, అద్దాన్ని ఆనుకుని మలుపు తిరిగి, అక్కడ గోరంత పొడవున మూడు ఆకులు వేసింది. ఆకు అంచున ఆవగింజలో సగం ఉన్న గాలిబుడగ ఊరి, కాసేపు ఆగి, విడిపోయి పైకి వెళ్లింది. వెంటనే అక్కడే మరొకటి ఊరింది. మిగిలిన రెండు గప్పీలకు పిల్లలు పుట్టాయి, అవి ఆ ఆకుల మధ్యే దాక్కుంటున్నాయి. నీకు పంపిన మొక్కలు ఆ పిల్లలు తిరిగిన చోటునుంచి తీసినవే.

పార్సిల్ రేపు ఉదయం బస్సుకు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా సాయంత్రానికి చేరవచ్చు. రసీదు ఫోటో ఫోనుకు పంపుతాను. ఆ రోజు నీకు రాత్రి డ్యూటీ అయితే మొక్కలను విప్పి ఒక బకెట్టు నీళ్లలో వేసి వెళ్లు, మరునాడు నాటుకోవచ్చు. పండుగకు నీకు సెలవు దొరకలేదని అమ్మ సకినాలు కూడా అదే డబ్బాలో, తడి తగలకుండా రెండు కవర్లలో కట్టి పెట్టింది. డబ్బా అందగానే ముందు వాటిని బయటికి తియ్యి.

ఇట్లు,
మీ నాన్న