క్లిక్కుల లెక్క నేతన్నలకు ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు,

నారాయణపేట, గద్వాల, పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముకోండని అందరూ చెప్తారు గానీ, అక్కడ ప్రకటనల ఖర్చు ఎట్లా పెరుగుతుందో ఎవరూ చెప్పరు. మనం ఒక కీవర్డ్‌కు వేలం పాడితే, ఆ మాట వెతికినవాళ్లకు మన చీర పైన కనిపిస్తుంది, వాళ్లు దాని మీద నొక్కితే చాలు, కొన్నా కొనకపోయినా మన డబ్బు కట్. క్లిక్‌కు 8 రూపాయలు, 25 క్లిక్‌లకు ఒక చీర అమ్ముడైందనుకోండి, ఒక్కో చీర మీద 200 ప్రకటనకే పోయినట్టు. కమీషన్, వాపసులు వేరే.

'ఇక్కత్ చీర' అని బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానికి దగ్గరి మాటలు వెతికినా ప్రకటన చూపించే పద్ధతిలో పెడితే ప్రింటెడ్ చీర వెతికేవాళ్లకూ మనదే చూపిస్తారు, వాళ్లు ధర చూసి వెనక్కి పోతారు. 'ప్రింటెడ్', 'పాలిస్టర్' లాంటివి నెగెటివ్ కీవర్డ్‌లుగా, అంటే ఆ మాటలు వెతికితే మన ప్రకటన చూపొద్దని పెడితే ఈ వృథా చాలా తగ్గుతుంది, ఈ చిన్న విషయం తెలియక ఎంతమంది నష్టపోతున్నారో!

ఇంకో అన్యాయం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందాలి. అయినా మిల్లు ప్రింట్లు అమ్మేవాళ్లు అదే పేరు మీద ఎక్కువ పాడి పైన కూర్చుంటే, మగ్గం మీద నేసినవాళ్లు కిందికి పోవాలా? చేనేత శాఖ సహకార సంఘాల్లోనే ఈ శిక్షణ ఇప్పించాలి, ఆ పేర్లను ప్రింట్లకు అమ్మకుండా ఆన్‌లైన్ సంస్థలతో గట్టిగా మాట్లాడాలి.

– ఒక చేనేత చీరల వ్యాపారి, నారాయణపేట